చూడని ఊళ్లో ఇల్లు ఇక్కడి నుంచే ఖాయం చేసుకోవచ్చా?

వచ్చే నెల మహానగరంలో ఉద్యోగంలో చేరాలి, ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు, ఆన్‌లైన్‌లోనే ఫ్లాట్ మాట్లాడుకుని అడ్వాన్స్ కట్టేస్తే టెన్షన్ ఉండదు కదా అని అడిగారు. వెతకడం ఇవాళే మొదలుపెట్టండి. డబ్బు మాత్రం ఆ ఇంట్లో నిలబడి చూశాకే కట్టండి.

నేను ఇలా మారినప్పుడు ముందు ఆఫీసు దగ్గర్లో హాస్టల్లో దిగి, అక్కడి నుంచి ఇళ్లు చూసుకున్నాను. ఆ కొన్ని వారాలూ ఖర్చు ఎక్కువే అవుతుంది, నిజమే. కానీ నచ్చని ఇంటికి ఏడాది అగ్రిమెంట్ రాసి, మధ్యలో వదిలేస్తే అడ్వాన్స్ పోయే పరిస్థితి కన్నా అది నయం. ఇంట్లోవాళ్లంతా కలిసి వెళ్లాలనుకున్నా ముందు మీరొక్కరే వెళ్లండి, సామాను తర్వాత రావచ్చు.

ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగింది ఏరియా. ఎన్ని కిలోమీటర్లని కాకుండా ఎంతసేపు పడుతుందో చూడండి. గూగుల్ మ్యాప్స్‌లో ఏ టైముకి చేరాలో పెట్టుకోవచ్చు. సోమవారం ఉదయం ఆఫీసు వేళకి పెట్టి చూడండి, సాయంత్రం తిరుగు ప్రయాణానికి మళ్లీ విడిగా చూడండి. ఆదివారం మధ్యాహ్నం హాయిగా కనిపించిన దారే పని రోజుల్లో రెట్టింపు సేపు తినేయవచ్చు. అలా చూస్తే రెండు మూడు ఏరియాలే మిగులుతాయి, ఇళ్లు వాటిలోనే వెతకండి. ఒక్కో ఏరియాలో అద్దెలు ఎలా ఉన్నాయో కూడా పది ప్రకటనలు చూసేసరికి తెలిసిపోతుంది.

ప్రకటనల్లోని ఫొటోలను నమ్మకండి. వైడ్ యాంగిల్‌లో తీస్తే మంచం పట్టని గది కూడా హాలులా కనిపిస్తుంది. వీడియో కాల్ అడగండి, అందులోనూ కెమెరా ఎటు తిప్పాలో మీరే చెప్పండి. నాకు ఒక బ్రోకరు ఫ్లాట్ చూపిస్తూ హాలు, వంటగది, అల్మారాలు అన్నీ తిప్పాడు, పడకగది కిటికీ దగ్గరకు మాత్రం పోలేదు. 'ఆ కిటికీ ఒకసారి తెరవండి' అన్నాను. తెరిస్తే చేయి చాపితే తగిలేంత దూరంలో పక్క బిల్డింగు గోడ! పట్టపగలే ఆ గదిలో లైటు వేసి ఉంది. 'ఎండ రాదు కాబట్టి చల్లగా ఉంటుంది సార్' అన్నాడు. ఆయన తెలివికి దండం పెట్టాలి. ఆ తర్వాత నుంచి వంటగది కుళాయి, షవరు ఒకేసారి తిప్పించి, నీళ్ల ధార ఎలా వస్తుందో కూడా చూపించమనేవాణ్ణి. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లు చూడటం మానేశాను.

మీరు నేరుగా వెళ్లినప్పుడు మాత్రం ఒకసారి పగలు, ఒకసారి రాత్రి చూడండి. పక్కనే ఫంక్షన్ హాలో, కుక్కల గుంపో ఉంటే రాత్రే బయటపడుతుంది. ప్రతి గదిలో ఫోన్ సిగ్నల్ చూసుకోండి. నీళ్ల సంగతి, కరెంటు సంగతి ఓనర్ని కాకుండా మెట్ల మీద ఎదురైన పక్కింటివాళ్లని అడగండి.

ఇక మోసాలు. 'నేను విదేశాల్లో ఉన్నాను, తాళాలు కొరియర్‌లో పంపుతాను, మీలాగే ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, టోకెన్ పంపితే ఆపుతాను' అన్నారంటే ఫోన్ పెట్టేయండి. చుట్టుపక్కల అద్దెల కన్నా బాగా తక్కువకి మంచి ఇల్లు కనిపించినా ఆగండి. ఆ ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెతికితే అవే ఫొటోలు వేరే ఊరి ప్రకటనలో దొరకడం మామూలే.

అగ్రిమెంట్‌లో అద్దె అంకె అందరూ చూస్తారు. మీరు నోటీసు ఎన్ని నెలలు, లాకిన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదనే షరతు) ఉందా, మెయింటెనెన్స్ ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్నవి చూడండి. నోటిమాటగా ఒప్పుకున్నది కాగితం మీద రాయించండి. సంతకం చేసే ఓనర్ పేరు, ఇంటి పన్ను రసీదు మీద ఉన్న పేరు ఒకటేనా అని అడగడానికి మొహమాటపడొద్దు. తాళాలు తీసుకున్న రోజే, సామాను దించకముందే, గోడల మరకలు, పగిలిన టైల్స్, కరెంటు మీటరు రీడింగు వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపేయండి.