నేపాల్ రాజ్యాంగానికి తొమ్మిదేళ్లు ఎందుకు పట్టింది?

ప్రశ్న: నేపాల్‌లో పదేళ్ల అంతర్యుద్ధం 2006లో ముగిసినా, కొత్త రాజ్యాంగం 2015 సెప్టెంబరులో గాని అమల్లోకి రాలేదు. మన రాజ్యాంగ సభ మూడేళ్లలోపే పని ముగించింది కదా! అక్కడి నాయకుల చేతగానితనమే ఈ ఆలస్యానికి కారణమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: నాయకుల తప్పు లేదని అనలేము. 2008లో ఎన్నికైన 601 మంది సభ్యుల రాజ్యాంగ సభ గడువును నాలుగుసార్లు పొడిగించుకుని, నలుగురు ప్రధానులను చూసి, రాజ్యాంగం ఇవ్వకుండానే 2012 మే 28న రద్దయింది. అయితే మన సభతో పోల్చేటప్పుడు ఒక సంగతి మరచిపోకూడదు. భాషాప్రయుక్త రాష్ట్రాల ముడిని మన సభ విప్పలేదు, పక్కన పెట్టింది. ఆ ముడి మన గడ్డ మీదే పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తరువాత, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గాని విడవడం మొదలుకాలేదు. నేపాల్‌కు ఆ వెసులుబాటు లేదు. 2007లో భారత్ సరిహద్దు వెంబడి ఉన్న తరాయి మైదానంలోని మధేశీలు చేసిన ఉద్యమం వల్ల సమాఖ్య వ్యవస్థ, అంటే దేశాన్ని రాష్ట్రాలుగా విభజించే ఏర్పాటు, అనే మాట తాత్కాలిక రాజ్యాంగంలోనే చేరింది కాబట్టి, ఏ సరిహద్దు ఎక్కడ గీయాలో సభే తేల్చవలసి వచ్చింది.

పైగా యుద్ధం చేసిన ఇరుపక్షాలూ ఆ సభలోనే కూర్చున్నాయి. ప్రభుత్వంపై తిరుగుబాటు చేసిన మావోయిస్టుల ఆయుధాలను వారి శిబిరాల్లోని కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. ఐక్యరాజ్య సమితి పర్యవేక్షణ ఉన్నా తాళంచెవులు మాత్రం మావోయిస్టుల దగ్గరే ఉండేవి. ఆ శిబిరాలు 2012 ఏప్రిల్‌లో గాని సైన్యం అధీనంలోకి రాలేదు. అవతలివాడి చేతిలో తాళంచెవి ఉండగా రాజీ కుదుర్చుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

నా దృష్టిలో అసలు నష్టం ఆలస్యం వల్ల కాదు, చివరి తొందర వల్ల జరిగింది. 2013లో ఎన్నికైన రెండో సభ కూడా తర్జనభర్జన పడుతుండగా 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది. ఆ విషాదం పెద్ద పార్టీలను జూన్‌లో ఒక ఒప్పందానికి తెచ్చింది. అంతవరకు ఏళ్లుగా తెగని రాష్ట్రాల లెక్క మూడు నెలల్లోపే ఎనిమిది నుంచి ఆరుకు, ఆరు నుంచి ఏడుకు మారింది. దేశ జనాభాలో దాదాపు సగం మంది నివసించే తరాయిలో రాష్ట్రాల సరిహద్దులపై నిరసనలు చెలరేగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. సెప్టెంబరు 16న రాజ్యాంగానికి 507 మంది సభ్యులు అనుకూలంగా ఓటు వేశారు. మధేశీ పార్టీలు బహిష్కరించాయి. నాలుగు రోజుల తరువాత, తానూ మధేశీయే అయిన అధ్యక్షుడు రామ్‌బరణ్ యాదవ్ రాజ్యాంగ ప్రతిని నుదుటికి తాకించి ప్రకటించారు. ఆ రాత్రి కాఠ్మాండూలో దీపాలు వెలిగితే, మధేశీ పార్టీల పిలుపుపై తరాయి పట్టణాల్లో దీపాలు ఆర్పేశారు.

2016 జనవరిలో తొలి సవరణ జరిగి, జనాభా ప్రాతిపదికన నియోజకవర్గాలు, ప్రభుత్వ సంస్థల్లో దామాషా ప్రాతినిధ్యం అనే కోరికలు కొంతవరకు తీరాయి. రాష్ట్రాల సరిహద్దులు మాత్రం మారలేదు. విదేశీయుణ్ణి పెళ్లాడిన నేపాలీ తల్లి బిడ్డకు, నేపాలీ తండ్రి బిడ్డకు దక్కినట్లు వంశపారంపర్య పౌరసత్వం దక్కదనే నిబంధన కూడా అలాగే మిగిలింది. భారత్ సరిహద్దుకు అటూ ఇటూ పెళ్లి సంబంధాలు కలుపుకునే మధేశీ కుటుంబాలకు అది ఇంటి గడపలోని సమస్య.