అలలు చదివితే కూడు పెడతాయా?

ప్రశ్న: మాస్టారూ, మాది రాయగడ. మా పాప బరంపురంలో ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం. వేడికి గుణాలు మారే పదార్థాల్లో తరంగాలు ఎలా పరావర్తనం చెందుతాయన్న దాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అలలంటే గోపాల్‌పూర్ బీచిలోవా అని చుట్టాలు నవ్వుతున్నారు. దీంతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఈసారి స్టేషన్ దగ్గర పట్టాల మీద చిన్న ట్రాలీ తోసుకుంటూ వెళ్లేవాళ్లు కనబడితే కాసేపు ఆగి చూడండి. పట్టా మీద నీళ్లు పారించి లోపలికి అల్ట్రాసౌండ్ పంపుతారు. ఉక్కులో అది సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. పట్టా అడుగుభాగం దాకా వెళ్లి తిరిగొస్తే సరే, మధ్యలో పగులుంటే ముందే వచ్చేస్తుంది. మీ పాప చదువుతానంటున్నది ఆ తిరిగి రావడం గురించే.

వేడెక్కితే ఉక్కు బిగువు తగ్గి తరంగం నెమ్మదిస్తుంది. ఎండకు కాగిన పట్టాలో ఆ తేడా స్వల్పమే. 500 డిగ్రీల దగ్గర మాత్రం మామూలు ఉక్కు బిగువు 40 శాతం దాకా పడిపోతుంది, చల్లటి లోహానికి వేసిన లెక్క అక్కడ పనికిరాదు. పైగా వేడి కూడా తరంగంలా పరిమిత వేగంతోనే పోతుందని 1967లో లార్డ్, షుల్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతం ఇచ్చారు. ఆ లెక్కన అంచుకు ఒక తరంగం ఏటవాలుగా తగిలితే మూడు తిరిగొస్తాయి: నొక్కుతూ పోయేది, అడ్డంగా ఊగేది, వేడిని మోసుకెళ్లేది.

సబ్జెక్టు మంచిదే. నా భయం వేరు. పాత సమీకరణానికి ఇంకో పదం తగిలించి, నాలుగు గ్రాఫులు గీసి పేపరు పంపే అలవాటు ఈ రంగంలో బాగా ఉంది. అలా ఐదేళ్లు గడిపితే పేపర్లు మిగులుతాయి గానీ చేతికి పని రాదు. గైడు దగ్గర చేరేముందే ఆయన పాత విద్యార్థులు ఇప్పుడెక్కడున్నారో కనుక్కోమనండి. పైథాన్, మ్యాట్‌ల్యాబ్ లాంటి కంప్యూటర్ ప్రోగ్రాముల్లో లెక్కలు తనే రాసుకోవాలి.

నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. ఫెలోషిప్ లేకుండా చేరొద్దనే అంటాను, మీ ఇంటి మీద భారం పడుతుంది. ఎక్కువమందికి దొరికేది లెక్చరర్ పోస్టే. ఒడిశా ప్రభుత్వ కాలేజీ అయితే ఒడియా చదవడం, రాయడం రావాలి. ఇంట్లో తెలుగేనని ఇది అశ్రద్ధ చేసే పిల్లలు మన వైపు చాలామంది. సునాబెడలో హాల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) వాళ్ల విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది కదా అంటారేమో, అలాంటిచోట్ల ఎక్కువగా ఇంజనీరింగ్, డిప్లొమా వాళ్లనే తీసుకుంటారు. అటు మనసుంటే పీహెచ్‌డీతో పాటు అల్ట్రాసోనిక్ టెస్టింగ్ సర్టిఫికెట్ కోర్సు కూడా చెయ్యాలి.

ముందు నెట్ ఫారం పెట్టమనండి. గైడు ఎవరో తేలాక మళ్లీ రాయండి.