చేర్పించండి, కానీ చీటీ మనిషికి తీస్తున్నారో ఊరికి తీస్తున్నారో అడగండి

“మా నాన్నగారికి సీఓపీడీ, అంటే ఏళ్ళ తరబడి ఆయాసం పెట్టే ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రి వాళ్ళు వ్యాయామం మీద ఏదో పరిశోధన చేస్తున్నారట, అందులో చేరమంటున్నారు. మన వాళ్ళను ప్రయోగాలకు వాడుకుంటారని అమ్మ భయపడుతోంది. చేర్పించవచ్చా?” అని ఒకరు అడిగారు.

చేర్పించండి. కొత్త మందు పరిశోధన అయితే నేనూ నాలుగు రోజులు ఆలోచించుకోమనేవాణ్ణి. నడిపించి, చేతులెత్తించి, లెక్క రాసుకునే చోట పెద్దగా పోయేదేమీ లేదు. చాలామందికి మహా అయితే రెండు రోజులు పిక్కలు పట్టేస్తాయి.

మేం ఒడిశాలోని పర్లాకిమిడి వాళ్ళం. మా మామయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, బరంపురంలో ఒక ఆసుపత్రి వాళ్ళు చేసిన ఇలాంటి పరిశోధనలోనే ఉన్నాడు. సంచి మోయడానికి, ఒడియా కాగితం చదివి చెప్పడానికి, కోపం వస్తే సముదాయించడానికి వెంట వెళ్ళింది నేనే. అందుకని ఈ విషయంలో కొంతమంది డాక్టర్ల కంటే నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం.

ముందు అమ్మగారి భయం సంగతి. దాన్ని తీసిపారేయకండి. 2009లో భద్రాచలం వైపు గిరిజన బాలికలకు పరిశోధన పేరుతో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టళ్ళలో ఉన్న పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ప్రభుత్వం దాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తలంటింది. ఆ కాలంలో చనిపోయిన బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. టీకా మంచిదే, అడిగిన తీరే చెడ్డది. కాబట్టి సంతకం మాత్రం నాన్నగారే పెట్టాలి. చదవలేకపోతే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ఎదుట మొత్తం చదివి వినిపించాలి. చేరకపోయినా, మధ్యలో మానేసినా మామూలు వైద్యం ఆగదని కాగితంలో రాసి ఉండాలి. సీటీఆర్ఐ నంబరు అడగండి. అది మనుషుల మీద చేసే వైద్య పరిశోధనలను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీ, 2007లో మొదలైంది. నంబరు ఉంటే ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని చేర్చుకుంటారు, ఏం కొలుస్తారు అన్నది ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

మాకు ఇచ్చిన కాగితం ఒడియాలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. గంజాం, గజపతి, రాయగడ నుంచి వచ్చే రోగుల్లో తెలుగు వాళ్ళు ఎంతమంది ఉంటారో ఆ వసారాలో నిలబడి వింటే తెలుస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ మేం ఇక్కడే ఉన్నాం. అయినా తెలుగు కాగితం ఒకటి అచ్చు వేయించాలని ఎవరికీ తోచదు. సరే, ఇది వేరే గొడవ.

మామయ్య రిటైరైన బస్సు కండక్టరు. జీవితమంతా బీడీలు, ఘాట్ రోడ్డు దుమ్ము. మొదటి రోజు ఆయనకు ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టారు. ముప్ఫై మీటర్ల వసారా, రెండు చివర్లా నారింజ రంగు కోన్లు, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. ఆరు నిమిషాల్లో అటూ ఇటూ ఎంత దూరం నడవగలిగితే అంత నడవాలి. పరుగెత్తకూడదు, ఆయాసం వస్తే ఆగవచ్చు. పరీక్ష పెట్టిన ఫిజియోథెరపీ అమ్మాయి గడియారం చూసుకుంటూ నిమిషానికోసారి ఒకే గొంతుతో, “బాగా చేస్తున్నారు మౌసా, ఇంకా ఇన్ని నిమిషాలుంది” అంటుంది. మౌసా అంటే ఒడియాలో బాబాయి లాంటి పిలుపు. అంతకు మించి మాట లేదు, నవ్వు లేదు, పక్కన నడవదు. రెండో చుట్టులో మామయ్య నా దగ్గరికి వచ్చి, “ఒరేయ్, ఈ పిల్లకు నా మీద కోపమా?” అని గుసగుసలాడాడు. కోపం కాదు, నియమం. పక్కన నడిస్తే రోగి ఆమె వేగాన్ని అందుకోవాలని చూస్తాడు, ఉత్సాహపరిస్తే ఇంకో నాలుగు అడుగులు ఎక్కువ వేస్తాడు. అందుకే ఏ నిమిషానికి ఏ మాట అనాలో కూడా రాసి పెట్టి ఉంటుంది. ఇంకా సగం కూడా అవకముందే ఆక్సిజన్ సిలిండరున్న బండి ఒకటి ఎదురొచ్చింది. దాని వెనక చుట్టాల గుంపు. మామయ్య పరీక్ష మర్చిపోయాడు. రెండు చేతులూ చాచి, “సర్దుకోండి, సర్దుకోండి, గోడ పక్కకు జరగండి” అని పాత గొంతుతో ఒక్క అరుపు అరిచాడు. వసారా మొత్తం జరిగింది. ఆయనకు దగ్గు తెర ముంచుకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఆ అమ్మాయి అప్పుడు మొదటిసారి నవ్వింది. కాగితం కొట్టేసి, ఆయన కుదుటపడ్డాక పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టింది.

నడక అయ్యాక, “ఆయాసం సున్నా నుంచి పది దాకా ఎంత మౌసా?” అని అడిగింది. “పావలా వంతు” అన్నాడు. రెండున్నర అని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. రెండా, మూడా అని కాసేపు బేరమాడారు.

ఆ తరువాత కవరు. అంటించి ఉన్న కవరు తెరిస్తే లోపల చీటీ. ఒక గుంపుకు వారం వారం ఆసుపత్రిలో వ్యాయామం, రెండో గుంపుకు మామూలు వైద్యం, సలహాలు. మామయ్యకు రెండోది పడింది. పొద్దున్నే లేచి, టికెట్టు కొని, ఇంత దూరం వస్తే సీటు లేదంటారా అని బయటికి వచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు. మీ నాన్నగారికీ సగానికి సగం ఇదే జరగవచ్చు, ఇప్పుడే చెప్పి ఉంచండి. ఆ రెండో గుంపు లేకపోతే మొదటి గుంపు వల్ల తెలిసేదేమీ ఉండదు. సీఓపీడీ వాళ్ళు చలికాలంలో బాధ ఎక్కువై ఆసుపత్రికి వస్తారు, అప్పుడు పరిశోధనలో చేరతారు. ఎండాకాలానికి ఎలాగూ కొంత తేలికపడతారు. పైగా ఎవరో ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడుగుతుంటే బీడీ కూడా తగ్గుతుంది. అదంతా వ్యాయామం ఖాతాలో రాసేస్తే ఎలా?

మామయ్యను చల్లబరచడానికి నేను లండన్ బస్సుల కథ చెప్పాను. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు 1953లో డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది లెక్కలు తీశాడు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువ. వ్యాయామం గుండెకు మంచిదని ఇవాళ లోకమంతా చెప్పే మాటకు ఆ బస్సులే పునాది. మామయ్య విన్నాడు. “మా బస్సుకు మేడ ఎక్కడిదిరా? మోహన సంతలో నిచ్చెనెక్కి అనాస గంపలు, పనసకాయలు పైకి తోసింది నేనే. ఊపిరితిత్తులు పోయాయి గానీ నా గుండె చూడు” అన్నాడు. ఈసీజీ బాగానే ఉంది మరి, కాదనలేకపోయాను. అయితే ఆ కథలో రెండో భాగం ఎవరూ చెప్పరు. 1956లో మోరిసే ఆ సిబ్బందికి కుట్టించిన యూనిఫాముల కొలతలు తిరగేశాడు. డ్రైవర్ల ప్యాంటు నడుములు కండక్టర్ల కంటే పెద్దవి, కుర్ర వయసు వాళ్ళలో కూడా అంతే. అంటే లావుగా ఉన్నవాళ్ళే డ్రైవర్లుగా చేరి ఉండవచ్చు, తేడా అంతా మెట్ల వల్లే కాకపోవచ్చు. తన లెక్క మీద తనే అనుమానపడి దర్జీ కొలతలు వెతికాడు చూడండి, అదీ పరిశోధన అంటే. కవరూ చీటీ పద్ధతి ఉన్నది ఇలాంటి అనుమానం తీర్చడానికే. ఎవరు ఏ గుంపులో పడాలన్నది మనిషి నిర్ణయించడు కాబట్టి లావువాళ్ళూ సన్నవాళ్ళూ రెండు వైపులా కలిసిపోతారు.

మా వాట్సాప్ గుంపులో రోజూ వచ్చే “అమెరికా పరిశోధనలో తేలింది” బాపతుకు ఇవేవీ పట్టవు. రోజుకు పదివేల అడుగులని మా బావమరిది వాచీ చూసుకుంటూ రాత్రి పదింటికి హాల్లో గుండ్రంగా తిరుగుతుంటాడు. ఆ పదివేలు 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. 2019లో అమెరికాలో సగటున డెబ్బై రెండేళ్ళ ఆడవాళ్ళను గమనిస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు లాభం కనిపించలేదు. చెబితే వినడు.

అసలు కథ బరంపురంలో కాదు, తిరుగు రైలులో జరిగింది. పూరీ నుంచి గుణుపురం వెళ్ళే ప్యాసింజరులో మా ఎదురు సీటులో ఒకాయన కూర్చున్నాడు. గుణుపురంలో బట్టల కొట్టు, అదే ఆసుపత్రి, అదే పరిశోధన. ఆయనకు వ్యాయామం చీటీ పడింది. ఇచ్ఛాపురం దాటేలోగా ఇద్దరూ వరసలు కలుపుకున్నారు. పలాస వచ్చేసరికి ఆయన బోగీలోనే పాఠం మొదలుపెట్టాడు. సీటు మీంచి చేతులు ఆనకుండా లేవడం, కూర్చోవడం. లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని భుజాల మీదికి ఎత్తడం. ముక్కుతో పీల్చి, పెదవులు గుండ్రంగా చుట్టి మెల్లగా వదలడం. మామయ్య ఒక్కొక్కటీ చేసి చూపించాడు. పక్కన వేరుశనగలు అమ్మే కుర్రాడు కూడా నిలబడి ఊదాడు. నౌపడాలో ఫోన్ నంబర్లు మార్చుకున్నారు. ఇక అప్పటి నుంచి ప్రతి ఉదయం మా పెరట్లో రెండు సీసాలు, ఒక స్టూలు, ఫోన్‌లో గుణుపురం.

మూడో నెల పరీక్షకు వెళ్ళినప్పుడు మామయ్య మునుపటి కంటే బాగా నడిచాడు. ఈ పరీక్షలో ముప్ఫై మీటర్ల తేడా వస్తే రోగికి తెలిసేంత మార్పు అని లెక్క, ఈయనకు అంతకు మించే వచ్చింది. కుర్ర డాక్టరు సంబరపడి ఎలా సాధ్యమైందని అడిగితే దాచకుండా మొత్తం చెప్పేశాడు, సీసాలెత్తినట్టు చేతులు కూడా ఊపి చూపించాడు. డాక్టరు కలం పక్కన పెట్టి తల పట్టుకున్నాడు. ఎందుకంటే ఏ చీటీ పడిందో ఆ గుంపులోనే మనిషిని లెక్కించాలి, అది నియమం. మా మామయ్య వ్యాయామం చేసినా “వ్యాయామం లేని” గుంపులోనే ఉంటాడు. ఇలాంటి మామయ్యలు పదిమంది ఉంటే రెండు గుంపుల మధ్య తేడా కనిపించదు, వ్యాయామం వల్ల ఫలితం లేదని పత్రికలో అచ్చవుతుంది. ఒక మడికి ఎరువు వేసి పక్క మడికి వేయకుండా చూద్దామనుకుంటే, మధ్యలో గట్టు తెగినట్టే.

నా వాదన ఇదే. మన జిల్లాల్లో మనిషి మనిషికీ చీటీ తీయకూడదు, ఊరు మొత్తానికి ఒకే చీటీ తీయాలి. ఒకే రైలు, ఒకే సంత, ఒకే పెళ్ళి పందిరి ఉన్నచోట ఏ వైద్యమూ ఒక్కరి దగ్గర ఆగదు. మహారాష్ట్రలో మన తెలుగు వాళ్ళున్న గడ్చిరోలి జిల్లానే చూడండి. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అక్కడ పసికందుల మరణాల మీద పనిచేసినప్పుడు 39 ఊళ్ళలో ఇంటికే వెళ్ళి బిడ్డను చూసే ఆరోగ్య కార్యకర్తలను పెట్టారు, 47 ఊళ్ళను పోల్చుకోవడానికి ఉంచారు. చీటీలు తీయలేదు గానీ ఊళ్ళను ఊళ్ళుగానే విడగొట్టారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ ఫలితం ప్రకారం మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఇవాళ మన ఇళ్ళకు బాలింతను చూడటానికి ఆశా కార్యకర్త వస్తున్నదంటే దాని మూలం అక్కడుంది. ఊరికి చీటీ తీస్తే ఎక్కువమంది కావాలి, ఖర్చు పెరుగుతుంది అంటారు. పెరగనివ్వండి. కుర్ర డాక్టరుకు ఇదే చెప్పాను. ఆయన మర్యాదగా విని, తరువాతి రోగిని పిలిచాడు.

మీరు వెళ్ళినప్పుడు ఇంకో మాట అడగండి. పరిశోధన ముగిశాక రెండో గుంపుకు కూడా వ్యాయామం నేర్పుతారా, ఫలితం ఫోన్ చేసి చెబుతారా అని. మమ్మల్ని నేర్చుకోవడానికి పిలిచారు, ఫలితం మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నాన్నగారికి వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి, హవాయి చెప్పులతో మలుపు దగ్గర జారతారు. పీల్చే మందు జేబులో ఉండాలి. ప్రయాణ ఖర్చులు ఇస్తామని కాగితంలో ఉంటే టికెట్లు భద్రంగా దాచండి. మా మామయ్య పాత అలవాటు కొద్దీ రైలు దిగగానే చించేసేవాడు, ఆ డబ్బు మాకు ఒక్కసారీ రాలేదు.