క్రైస్తవం లైంగికతను పాపంగా చూస్తుందా?

లేదు. చర్చిలో ఈ మాట ఎత్తడానికే మొహమాటపడతారు కాబట్టి ఆ అపోహ పోవడం లేదు. భార్యాభర్తలు ‘ఏకశరీరం’ అవుతారన్న మాట బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండము 2:24లో, అంటే లోకంలోకి పాపం ప్రవేశించకముందే వస్తుంది. బైబిల్లోనే మరో పుస్తకం పరమగీతమైతే ఎనిమిది అధ్యాయాలూ ప్రేమ కవిత్వమే. 1 కొరింథీయులకు 7:4లో తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు భార్య శరీరంపై భర్తకు అధికారం ఉందని చెప్పి ఊరుకోలేదు, భర్త శరీరంపై భార్యకూ ఉందన్నాడు. ఆ కాలానికి అది చిన్న మాటేం కాదు.

అభ్యంతరమల్లా కోరికను మనిషి నుంచి విడదీయడం మీదే. సబ్బు ప్రకటనలోనూ ఒంటిని చూపించే అమ్ముతున్నారు. ఫోన్‌లో డేటింగ్ యాప్ తెరిచి వేలితో పక్కకు తోస్తే ఇంకో ముఖం వస్తుంది, దాని వెనక మనసొకటి ఉందని గుర్తుండదు. మత్తయి 5:28లో యేసు మోహపు చూపును తప్పుపట్టింది అందుకేనని నాకనిపిస్తుంది. ఆయనే పెళ్లి లేకుండా జీవించాడు. అందుకే లైంగిక సుఖం లేకపోతే బతుకే లేదన్న ఈనాటి ధోరణి క్రైస్తవులకు మింగుడుపడదు.