వచ్చిన ఆఫర్ వదిలేసి కంపెనీ పెడతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది. క్యాంపస్‌లో ఏడాదికి మూడున్నర లక్షల ఆఫర్ వచ్చింది. అది వద్దంటాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి మిర్చి యార్డు కమిషన్ ఏజెంట్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ పెడతాడట. తెనాలి దగ్గరున్న అర ఎకరం అమ్మి పెట్టుబడి పెట్టమంటున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి నిలకడ లేదు. నలుగురిని నడిపించగలడా? ఉద్యోగం మేలా, కంపెనీ మేలా, పోల్చి చెప్పండి. యార్డులో ఒక కొట్టువాళ్లు మాత్రం నెలకు వెయ్యి రూపాయలిచ్చి వాడుతున్నారట.
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు చిట్టచివర పడేశారండీ. చదువు కూడా పూర్తికాని కుర్రాడు రాసిన ప్రోగ్రాముకు యార్డులో ఒక వ్యాపారి నెలనెలా డబ్బు కడుతున్నాడు. పైసా పైసాకూ లెక్క చూసుకునే మనుషులు, మొహమాటానికి వెయ్యి రూపాయలివ్వరు. దాన్ని పక్కన పెట్టి నిలకడ లేదంటున్నారు. వాడి ముందు ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారో గానీ, ఇకమీదట అనకండి.

గుంటూరు, విజయవాడల నుంచి ప్లేస్‌మెంట్ల కాలంలో ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది. పోల్చమని అడుగుతారు గానీ లోపలి దిగులు వేరు. ఈ ఆఫర్ పోతే మళ్లీ దారి దొరకదేమో, పెళ్లిళ్లలో మీవాడు ఎక్కడ చేస్తున్నాడని అడిగితే ఏం చెప్పాలో అని టెన్షన్. దారి మూసుకుపోదు. ఫ్రెషర్లుగా తీసుకునే కొన్ని పెద్ద కంపెనీలకు పాసైన ఏడాది నిబంధన ఉంటుంది, అక్కడ అవకాశం తగ్గుతుంది, నిజమే. కానీ ఒక సాఫ్ట్‌వేర్ తనే రాసి, అమ్మి, చెడితే బాగుచేసిన కుర్రాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి చాలా ఉంటుంది. ఆఫర్ లెటరిచ్చి నెలల తరబడి చేర్చుకోని కంపెనీలనూ ఈమధ్య చూశాం కదా. ఇక చుట్టాల సంగతంటారా, సొంతంగా చేస్తున్నాడని తలెత్తి చెప్పండి.

అలాగని స్టార్టప్ మోజును నేను సమర్థించను. ఇప్పుడు హ్యాకథాన్ అనే ప్రోగ్రామింగ్ పోటీలో ఒక బహుమతి వస్తే చాలు, సీఈవో అని కార్డులు కొట్టిస్తున్నారు. కస్టమర్ ఎవరని అడిగితే ఫండింగ్ గురించి చెబుతారు. పిల్లల్ని ఇలా ఊదరగొట్టేవాళ్లు ఒక విషయం చెప్పరు. 1981లో ఇన్ఫోసిస్ పెట్టకముందు నారాయణమూర్తి పట్నీ కంప్యూటర్స్‌లో ఉద్యోగం చేశారు. బస్సు టికెట్లమ్మే రెడ్‌బస్ పెట్టిన ఫణీంద్ర సామ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చేశారు. ఫ్రెష్‌వర్క్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన గిరీశ్ మాతృభూతం మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహోలో చేశారు. ఒకరి దగ్గర జీతం తీసుకుంటూ పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లు వీళ్లంతా. అందుకే మామూలుగా నేను రెండేళ్లు ఉద్యోగం చేసి రమ్మంటాను. మీ అబ్బాయి విషయంలో ఆ మాట గట్టిగా అనలేకపోతున్నానంటే, డబ్బు కట్టే మనిషి అప్పుడే ఉన్నాడు కాబట్టి.

పట్టుదల అంటే మొదట అనుకున్నదాన్నే పట్టుకుని వేలాడటం అనుకుంటారు. జోహోను చూడండి. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో టెలికాం పరికరాల సాఫ్ట్‌వేర్‌తో మొదలైంది. ఇంటర్నెట్ కంపెనీల మోజు తెచ్చిన డాట్‌కామ్ బుడగ పగిలి ఆ కస్టమర్లు పోతే వేరే సాఫ్ట్‌వేర్లు చేసుకుంటూ నిలబడింది. జోహో అనే పేరు కంపెనీకి వచ్చింది 2009లో. ఇన్ఫోసిస్‌ది ఇంకో రకం పట్టుదల. తొమ్మిదేళ్లు కష్టపడ్డాక 1990లో పది లక్షల డాలర్లకు కొంటామని ఎవరో వస్తే, భాగస్వాముల్లో కొందరు అమ్మేద్దామన్నారు. మీ వాటాలు నేనే కొంటానని మూర్తి అనేసరికి అందరూ ఆగారు.

మీవాడి పట్టుదలకు పరీక్ష మిర్చి సీజన్‌లోనే వస్తుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు వచ్చిపడుతుంటే ఏ ఏజెంటూ కొత్త సాఫ్ట్‌వేర్ వంక చూడడు. అమ్మకం మాట్లాడాల్సింది యార్డుకు వేసవి సెలవులిచ్చాక. సీజన్‌లో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదని డీలా పడితే పని అక్కడే ఆగిపోతుంది.

నాయకత్వం గురించి అడిగారు. వేదికెక్కి మాట్లాడటం కాదండీ అది. సీజన్ మధ్యలో రాత్రి పదకొండింటికి కొట్టు గుమస్తా ఫోన్ చేస్తాడు. హమాలీ, కమిషన్ పోగా రైతుకు ఇవ్వాల్సిన మొత్తం చిట్టాతో కలవడం లేదంటాడు, రైతేమో ఎదురుగా కూర్చుని ఉంటాడు. ముగ్గురు మిత్రుల్లో ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారు? తప్పు మా ప్రోగ్రాముదేనని ఎవరు ఒప్పుకుంటారు? సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ 2009 జనవరిలో రాసిన లేఖ తెలుగువాళ్లందరికీ గుర్తే. లాభాల్లో చిన్న తేడాతో మొదలై ఏటా పెరుగుతూ పోయిందని ఆయనే రాశారు. చెడ్డ కబురు మొదటి రోజే చెప్పే అలవాటు ముగ్గురితో మొదలుపెట్టినప్పుడే రావాలి. ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా ఏమవుతుందో ఇప్పుడే కాగితం మీద రాసుకోమనండి. స్నేహితులం కదా అని వదిలేసినచోటే కంపెనీలు చీలుతాయి.

పొలం మాత్రం అమ్మకండి, తాకట్టూ పెట్టకండి. ఈ పనికి కావాల్సినవి ముగ్గురి ల్యాప్‌టాప్‌లు, కొద్దిపాటి సర్వర్ అద్దె, యార్డుకు తిరగడానికి పెట్రోలు. అప్పుడే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా రిజిస్టర్ చేయించడం కూడా వద్దు. రూపాయి ఆదాయం లేకపోయినా ఆడిట్ చేయించాలి, ఏటా వేయాల్సిన రెండు ఫారాలు ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు కట్టాలి. పదిమంది కస్టమర్లు వచ్చాక చూసుకోవచ్చు.

పోలిక అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో నెల జీతం, పద్ధతిగా పని చేయడం వస్తాయి. సొంతదానిలో మొదటి ఏడాది చేతికి దాదాపు ఏమీ రాదు, బాధ్యత మాత్రం ముందే వస్తుంది. ఇంట్లో ఈఎంఐ వాడి జీతం మీద ఆధారపడి ఉంటే ఉద్యోగంలో చేరమనండి, సాయంత్రాలు ఇది చేసుకుంటాడు. లేకపోతే వచ్చే సీజన్ ముగిసేదాకా వాడికి భోజనం, గది, మీ ప్రశాంతత ఇవ్వండి. అప్పటికి డబ్బిచ్చే కొట్లు పది కాకపోతే ఉద్యోగాలకు అప్లై చేయాలని ఇద్దరూ ఇప్పుడే ఒప్పుకోండి. ఈలోగా రోజూ అడిగి విసిగించకండి, నెలకోసారి లెక్కలు చూపించమనండి చాలు.

బాబూ, నువ్వూ చదువుతుంటే ఒక మాట. ఆఫర్ వద్దనుకుంటే చేరే తేదీ దాకా నాన్చకుండా ఇప్పుడే మెయిల్ పెట్టు. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసుకు కూడా నువ్వే వెళ్లి చెప్పు. ఆ కంపెనీ మీ జూనియర్ల కోసం మళ్లీ రావాలి కదా.