ట్రాక్టరు టైర్లలో నీళ్లు: ఎప్పుడు పోయాలి, ఎప్పుడు తీసేయాలి

ప్రశ్న: మాది 45 హెచ్‌పీ ట్రాక్టరు. వెనక టైర్లు 13.6–28 సైజు. పత్తి పీకేసిన నల్లరేగడి చేలో తొమ్మిది పళ్ల గొర్రు దించితే చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతున్నాయి. డీజిల్ బాగా తాగుతోంది. టైర్లలో నీళ్లు పోయించమని మెకానిక్ చెబుతున్నాడు, ఉప్పు కలిపితే ఇంకా బరువొస్తుందని మా ఊళ్లో ఒకాయన అంటున్నాడు. సార్వాలో (వానాకాలం వరికి) తెనాలి వైపు దమ్ముకు, అంటే నాట్లకు ముందు మడిని బురదగా దున్నడానికి, కిరాయికి కూడా వెళ్తాం. ఏం చేయమంటారు?
– ఒక రైతు, ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా

జవాబు: నీళ్లు పోయించవచ్చు, మీ చేలో పనిచేస్తుంది కూడా. అయితే దానికంటే ముందు పైసా ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి ఉన్నాయి.

మొదటిది గాలి. మిర్చి యార్డుకు ట్రాలీ తోలేటప్పుడు వెనక టైర్లకు గాలి గట్టిగా కొట్టించి, తర్వాత అదే గాలితో చేలోకి దిగుతుంటారు. గట్టి టైరు నేలను తక్కువ మేర తాకుతుంది, అందుకే జారుతుంది. పొలం పనికి సాధారణంగా 12 నుంచి 15 పౌండ్లు చాలు. మీ ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలో ఏ అంకె ఉందో చూసి అదే పాటించండి. రెండోది టైరు మీది రబ్బరు పట్టీలు. అవి అరిగి నున్నబడితే ఎంత బరువు పెట్టినా పట్టు రాదు. ఇక డ్రాఫ్ట్ కంట్రోల్ లివరు. మన దగ్గర దాన్ని ముట్టుకునేవాళ్లే తక్కువ. అది వాడితే నేల గట్టిగా తగిలినచోట హైడ్రాలిక్ గొర్రును కాస్త పైకి లాగుతుంది, ఆ భారం కొంత వెనక చక్రాల మీదికి వస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా చక్రాలు జారుతుంటే ఎంత జారుతున్నాయో కొలవండి. వెనక టైరు పక్కభాగం మీద సుద్దముక్కతో గీత గీయండి. అదే చేలో గొర్రు ఎత్తి పెట్టి, చక్రం పది చుట్లు తిరిగేసరికి బండి ఎంత దూరం పోయిందో టేపుతో చూడండి. మీ టైరుకు సుమారు 40 మీటర్లు వస్తుంది. తర్వాత గొర్రు దించి దున్నుతూ మళ్లీ పది చుట్లు కొలవండి. 34 నుంచి 36 మీటర్లు వస్తే జారుడు 10–15 శాతం, దానికి కంగారు లేదు. 30 లోపు వస్తే మాత్రం నాలుగో వంతుకు పైగా డీజిల్, టైరు రబ్బరు మట్టిలో కలిసినట్లే. టేపు లేకపోతే టైరు అచ్చు చూడండి. అచ్చు పూర్తిగా చెదిరి దుమ్మయితే బరువు తక్కువైంది. పట్టీల అచ్చు చెక్కినట్టు స్పష్టంగా పడితే బరువు ఎక్కువైంది. కొద్దిగా చెదిరి ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

నీళ్లు పోయించాల్సి వస్తే టైరులో నాలుగింట మూడు వంతులే పోయాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక ఇరుసును జాకీతో లేపి, వాల్వు సరిగ్గా పైకి వచ్చేలా చక్రం తిప్పండి. వాల్వు పిన్ను తీసి నీళ్లు పట్టించాలి. లోపలి గాలి బయటికి పోయే దారి కూడా ఉండాలి, అందుకు పంక్చరు షాపుల్లో ప్రత్యేకమైన అడాప్టరు దొరుకుతుంది. నీళ్లు వాల్వు దాకా వచ్చి పొర్లితే ముప్పావు నిండినట్లే. పైన మిగిలిన ఖాళీలో గాలి కొట్టాలి. ఆ గాలే టైరుకు మెత్తదనం. టైరు నిండా నీళ్లు పోస్తే గతుకు తగిలినప్పుడు దెబ్బంతా టైరు మీద, ఇరుసు మీద పడుతుంది. మీ సైజుకు ఒక్కో టైరుకు 170–180 లీటర్లు పడతాయి, అంటే రెండింటికీ కలిపి దాదాపు 350 కిలోల బరువు. లోపల గాలి కొంచెమే కాబట్టి చిన్న లీకున్నా ప్రెషరు త్వరగా పడిపోతుంది. వారానికోసారి వాల్వును పైకి తెచ్చి కొలవండి.

ఉప్పు మాట మర్చిపోండి. చలిదేశాల్లో టైరులో నీరు గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. దానివల్ల బరువు కూడా కాస్త పెరుగుతుంది. గుంటూరులో ఎంత చలి పెట్టినా నీరు గడ్డకట్టదు. ట్యూబు చిల్లిపడి ఆ ఉప్పునీరు రిమ్ముకు తగిలితే తుప్పు పట్టి తినేస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నా వద్దు, మంచి కాలవ నీళ్లు వడకట్టి పోయండి.

దమ్ము సంగతి వేరు. డెల్టా మాగాణిలో బరువు పెరిగేకొద్దీ బండి దిగబడుతుంది. అక్కడ పట్టు ఇచ్చేవి బోను లాంటి ఇనుప చక్రాలు, కేజ్ వీల్సే. కాబట్టి సార్వా దమ్ముకు బయల్దేరే ముందు వాల్వు కిందికి వచ్చేలా చక్రం తిప్పి నీళ్లు వదిలేయండి. మీ రేగడిలోనూ వానపడి తడి ఆరని చేలోకి ఈ బరువుతో దిగవద్దు. కింది పొర గట్టిపడితే మిరప వేళ్లు లోతుకు పోవు. ఏటా రెండుసార్లు పోయడం, తీయడం విసుగనిపిస్తే చక్రానికి బిగించే పోత ఇనుప బరువులు కొనుక్కోండి. ఖర్చు ఎక్కువే గానీ, కిరాయికి తిరిగే మీకు అవే నయమని నా అభిప్రాయం.

ఇంకొకటి. గొర్రు లాగేటప్పుడు ముందు చక్రాలు తేలి స్టీరింగ్ వదులైనట్టు అనిపిస్తే దానికి వెనక నీళ్లు మందు కాదు, ముందు బంపరు మీద బరువులు పెట్టాలి. నీళ్లున్న బండితో రోడ్డెక్కితే బ్రేకు ముందుగా తొక్కండి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. పంక్చరైతే టైరులో నీళ్లున్నాయని షాపువాడికి ముందే చెప్పి, అవి వదిలేశాకే చక్రం విప్పించండి. ఆ బరువున్న చక్రం పక్కకు ఒరిగితే ఇద్దరు మనుషులు కూడా ఆపలేరు.