‘తినండి’ ఎప్పుడు ‘తిను’ కావాలి?

సందేహం: రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం దారులన్నీ మూసి ఆకలికి గురిచేసిన రష్యన్ నగరం లెనిన్‌గ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్). 1941–42 చలికాలంలో అక్కడి జీవితం నేపథ్యంగా ఒక ప్రేమకథను నవలగా రాస్తున్నాను. నాయిక గ్రంథాలయ ఉద్యోగిని, నాయకుడు ఫ్యాక్టరీ కార్మికుడు. “ఏమండీ, ఈ ముక్క మీరు తినండి” అని ఆమె, “నువ్వు తినవే” అని అతను అన్నట్టు రాశాను. ఇది మన ఊళ్లో కాపురంలా ఉందంది నా స్నేహితురాలు. ఇద్దరి చేతా ‘నువ్వు’ అనిపిస్తే ఆమె అతన్ని లెక్కచెయ్యని మనిషిలా తోచదా? ఇంకొకటి: ‘ముట్టడి’ అనాలా, ‘దిగ్బంధం’ అనాలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ స్నేహితురాలు సరిగ్గానే పట్టుకున్నారు. రష్యన్‌లోనూ మనకున్నట్టే రెండు మాటలున్నాయి: ‘తి’ అంటే నువ్వు, ‘వి’ అంటే మీరు. ‘వి’ మన ‘మీరు’లాగే బహువచనమూ అవుతుంది, గౌరవమూ అవుతుంది. తేడా వచ్చేది ప్రేమికుల దగ్గర. ఆనాటి లెనిన్‌గ్రాడ్‌లో చదువుకున్న ఆడామగా పరిచయం ముదిరేదాకా ఇద్దరూ ‘వి’ అనుకుంటారు. దగ్గరయ్యాక ఇద్దరూ ‘తి’ అనుకుంటారు. ఒకరు మీరు, ఒకరు నువ్వు అనే పద్ధతి వాళ్ల మధ్య ఉండదు. అందుకే ఆ మార్పు వాళ్లకు పెద్ద ఘట్టం. తను మనసుపడ్డ అమ్మాయి నోరు జారి, వట్టి ‘మీరు’ బదులు మనసైన ‘నువ్వు’ అనేసిందని పొంగిపోతూ రష్యన్ కవి పూష్కిన్ 1828లో ఒక చిన్న కవితే రాశాడు. మీ ‘ఏమండీ’ ఆ ఘట్టానికి చోటే లేకుండా చేసింది.

ఇక ‘నువ్వు’ అంటే లెక్కలేనితనం అన్న భయం వద్దు. తెలంగాణలో తండ్రినీ తాతనూ ‘నువ్వు’ అనే ఇళ్లు ఎన్నో. భర్తను ‘మీరు’ అనడం కొన్ని కుటుంబాల అలవాటే కాని తెలుగువాళ్లందరిదీ కాదు. “నీవే తల్లివి దండ్రివి, నీవే నా తోడు నీడ” అని కృష్ణ శతకకారుడు దేవుణ్నే ఏకవచనంలో పిలిచాడు. ‘తినవే’లోని ‘వే’ మాత్రం తీసేయండి. అది ఒకవైపు నుంచే వచ్చే చనువు, ఈ జంటకు నప్పదు.

మీకు తెలుగు ఇచ్చే గొప్ప వీలు ఒకటుంది. మనం సర్వనామం పలకకుండానే క్రియతో వరస మార్చగలం. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా ఆ నగరంలో కార్మికుడికి రోజుకు 250 గ్రాముల రొట్టె. మీ నాయికలాంటి ఉద్యోగులకు, పిల్లలకు 125 గ్రాములే. అతను తన వాటా విరిచి ఆమె ముందు పెడతాడు. “తినండి” అంటాడు. ఆమె సగం వెనక్కి తోసి “తిను” అంటుంది. అంతే చాలు. ‘వారి మధ్య మీరు పోయి నువ్వు వచ్చింది’ అని కథకుడు చెప్పనక్కర్లేదు. ఇంతకన్నా గట్టి చోటు కావాలంటే నీళ్ల దారి ఉంది. కొళాయిలు గడ్డకట్టాక జనం నేవా నది మంచుకు కన్నం చేసి నీళ్లు తోడుకుని, పిల్లలాడుకునే స్లెడ్జిల (మంచు మీద జారే, చక్రాల్లేని బళ్ల) మీద లాక్కెళ్లేవాళ్లు. దారిలో అలసి మంచులో కూర్చున్నవాళ్లు చాలామంది మళ్లీ లేవలేదు. అతను అలా కూర్చుండిపోతే ఆమె ‘లేవండి’ అనదు. “లే! లే అంటున్నానా!” అంటుంది. నన్నడిగితే మొదటి ‘నువ్వు’ ఇక్కడే రావాలి, ప్రేమను ఒప్పుకునే చోట కాదు.

పిలుపుల్లోనూ ఈ మెట్లు చూపొచ్చు. రష్యన్‌లో మర్యాద పేరు పక్కన తండ్రి పేరు చేర్చడంలో ఉంటుంది: సంగీతకారుడు షొస్తకోవిచ్‌ను ‘ద్మీత్రీ ద్మీత్రియెవిచ్’ (ద్మీత్రీ కొడుకైన ద్మీత్రీ) అనాలి. దానికి మళ్లీ ‘గారు’ తగిలించకండి. చనువు పెరిగితే తాత్యాన ‘తాన్య’ అవుతుంది. ‘ఏమండీ’ చేసే పనంతా ఈ పేర్లు చేసిపెడతాయి.

ముట్టడి తప్పు కాదు గాని, కోటగోడలెక్కే సైన్యం కళ్ల ముందుకొస్తుంది. 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు, జర్మన్లు ఎంచుకున్నది దారులు మూసి ఆకలితో చంపడం. రష్యన్లు కూడా ‘బ్లకాద’ (దిగ్బంధం) అనే అంటారు. ‘దిగ్బంధం’ వాడండి. నగరం దగ్గరి లదోగా సరస్సు గడ్డకట్టాక, ఆ మంచు మీదుగా లారీలు సరుకులు తెచ్చిన దారి గురించి రాసేటప్పుడు కూడా ఆ మాటే సరిపోతుంది.

అన్నట్టు, నాయకుడి తల్లితో మీ నాయిక నవలంతా ‘మీరు’ అనే మాట్లాడవచ్చు. అది అక్కడా సహజమే.